సరిహద్దు దగ్గర లారీ ఎందుకు ఆగుతుంది? దేశాల మధ్య సరుకు రవాణా లెక్కలు, చిక్కులు

చెన్నై మాధవరంలో మా ఇంటి వెనక వీధిలో ఒక మిర్చి గోడౌన్ ఉంది. గుంటూరు లోడు వచ్చిన రోజు ఆ సంగతి వీధి మొదట్లోనే ముక్కుకి తెలిసిపోతుంది. హమాలీలు ముఖానికి తడి తువ్వాళ్లు చుట్టుకుని టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతుంటారు. కొక్కెం పడిన చోటల్లా గోనె చిరిగి గింజలు రాలతాయి, అన్నీ దించేసరికి లారీ తొట్టి మూలల్లో తొడిమలూ గింజలూ ఎర్రగా పేరుకుని ఉంటాయి. ఒక్కసారి దించితేనే ఇంత తరుగు. ఇదే టిక్కీ ఢాకా దాకా వెళ్లాలంటే దారిలో ఎన్నిసార్లు దించి ఎక్కించాలి, ఎందుకు దించాలి, దించకుండా పంపే వీలుందా అన్నదే ఈ వ్యాసం విషయం.

మా బాబాయి ఇరవై ఏళ్లు గుంటూరు, మద్రాసు లైన్లో లారీ నడిపారు. "నాలుగొందల కిలోమీటర్లు ఎనిమిది గంటల్లో వచ్చేశాను, చెక్‌పోస్టు దగ్గర నాలుగొందల మీటర్లకి తెల్లారింది" అని ఆయన చెప్పిన రాత్రులు నాకు బాగా గుర్తు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు, 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు వచ్చింది. రోడ్డు అదే, లారీ అదే, డ్రైవరూ అదే మనిషి. మారిందల్లా కాగితం. సరుకు ఏమిటో ఒక చోట రాసిస్తే రెండో రాష్ట్రం కూడా దాన్ని నమ్ముతుంది, అంతే. ఈ చిన్న సంగతి మనసులో పెట్టుకుంటే దేశాల మధ్య జరిగే గొడవ సగం అర్థమవుతుంది, ఎందుకంటే అక్కడ లేనిది ఆ నమ్మకమే.

కొన్నేళ్లుగా భారత్, బంగ్లాదేశ్ మధ్య సరుకు రవాణా గురించి వార్తలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ట్రాన్సిట్ అంటారు, ట్రాన్‌షిప్‌మెంట్ రద్దు అంటారు, కారిడార్ అంటారు, బీబీఐఎన్, టీఐఆర్ అని అక్షరాలు కనిపిస్తాయి. కాబట్టి ముందు మాటల సంగతి తేల్చుకుందాం.

ట్రాన్సిట్, ట్రాన్‌షిప్‌మెంట్, మల్టీమోడల్: ఏది ఏమిటి

గుంటూరు మిర్చి ఢాకాకి వెళ్తే అది మామూలు ఎగుమతి. సరుకు ఒక దేశంలో బయల్దేరింది, పక్క దేశంలో దిగింది.

కోల్‌కతాలో బయల్దేరిన ఇనుప చువ్వలు బంగ్లాదేశ్ మీదుగా వెళ్లి త్రిపురలోని అగర్తలాలో దిగితే అది ట్రాన్సిట్. బయల్దేరింది మన దేశంలోనే, దిగిందీ మన దేశంలోనే, మధ్యలో వాళ్ల నేల వాడుకున్నాం. కోల్‌కతా నుంచి అగర్తలాకి మన భూభాగంలోనే వెళ్లాలంటే సిలిగురి దగ్గర ఈశాన్య రాష్ట్రాల్ని మిగతా దేశంతో కలిపే సన్నటి మెడలోంచి చుట్టు తిరిగి సుమారు 1,600 కిలోమీటర్లు వెళ్లాలి. ఢాకా మీదుగా అయితే అందులో మూడో వంతు కాస్త అటూ ఇటూ. 2020 జూలైలో కోల్‌కతా నుంచి ఓడలో బంగ్లాదేశ్‌లోని చటోగ్రామ్ (చిట్టగాంగ్) రేవుకి, అక్కణ్నుంచి లారీల్లో అగర్తలాకి ఇనుప చువ్వలు, పప్పులు ప్రయోగాత్మకంగా పంపారు.

ట్రాన్‌షిప్‌మెంట్ అంటే మధ్యలో బండి మారడం. బంగ్లాదేశ్‌లో కుట్టిన చొక్కాలు లారీలో ఢిల్లీ విమానాశ్రయానికి వచ్చి, అక్కడ విమానమెక్కి యూరప్ వెళ్తే అది ట్రాన్‌షిప్‌మెంట్. 2020లో మన దేశం ఇచ్చిన ఈ సౌకర్యాన్నే 2025 ఏప్రిల్ 8న రద్దు చేశారు. చాలామంది దీన్ని "బంగ్లాదేశ్‌తో వ్యాపారం బంద్" అని అర్థం చేసుకున్నారు. అది పొరపాటు, రద్దయింది మూడో దేశానికి వెళ్లే సరుకు మన మీదుగా పోయే దారి.

ఇక మల్టీమోడల్. లారీ, రైలు, ఓడ ఏది ఎన్నిసార్లు మారినా ఒకే ఒప్పందం, ఒకే బాధ్యుడు. సరుకు తడిసినా పోయినా "రైల్లో పోయిందా, ఓడలో పోయిందా" అని మీరు వెతుక్కోనక్కర్లేదు, ఆ ఒక్కరినే అడుగుతారు. మన దేశంలో దీనికి 1993 నుంచే చట్టం ఉంది. సమీకృత రవాణా అని ప్రభుత్వ పత్రాల్లో కనిపించే మాట వెనక ఉన్నది ఈ ఆలోచనే: బండ్లు మారినా లెక్క మారకూడదు.

నెల్లూరు హైవే ఆసియా హైవే కూడా. మరి రోడ్డుంటే చాలదా?

సంక్రాంతికి మనందరం ఊరెళ్లే రోడ్డు, చెన్నై నుంచి నెల్లూరు, విజయవాడ, విశాఖ మీదుగా కోల్‌కతా దాకా పోయే ఆ రోడ్డు, ఆసియా హైవేల పటంలో ఏహెచ్ 45. అటు నుంచి వచ్చి చెన్నై, కృష్ణగిరి మీదుగా బెంగళూరు దాకా సాగుతుంది. ఐక్యరాజ్య సమితి ఆసియా విభాగం పూనికతో 2003లో ఒప్పందం కుదిరి 2005లో అమల్లోకి వచ్చింది. 32 దేశాల్లో లక్షా నలభై వేల కిలోమీటర్లకు పైగా రోడ్లు ఇందులో ఉన్నాయి. అంటే తడ దాటుతున్నప్పుడు మీరున్నది కాగితం మీద ఆసియా అంతా కలిపే వలలోనే.

కాగితం మీద అని ఎందుకంటున్నానంటే, ఆ ఒప్పందం రోడ్డు ఎలా ఉండాలో చెప్తుంది, వెడల్పు, నాణ్యత, బోర్డులు. ఎవరి లారీ ఎవరి రోడ్డెక్కొచ్చో చెప్పదు. అదే అసలు చిక్కు. మన లారీకి పక్క దేశంలో పర్మిట్ లేదు, ఇన్సూరెన్స్ చెల్లదు, డ్రైవర్ లైసెన్సు పనికిరాదు, ఇరుసు మీద ఎంత బరువు ఎక్కించొచ్చన్న రూలు వేరు. యాక్సిడెంట్ అయితే ఎవరి కోర్టు? టైరు పేలితే విడిభాగం దిగుమతి కింద లెక్కా కాదా? వినడానికి చిన్నవే, ఒక్కొక్కటీ తేలకపోతే బండి గేటు దాటదు.

రైలుకి ఇంకో తంటా ఉంది, పట్టాల వెడల్పు. మనది 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్. మయన్మార్, థాయిలాండ్‌లలో 1,000 మిల్లీమీటర్ల మీటర్ గేజ్, చైనాలో 1,435, రష్యా, మధ్య ఆసియాల్లో 1,520. ట్రాన్స్ ఏషియన్ రైల్వే ఒప్పందం 2006లో కుదిరి 2009లో అమల్లోకి వచ్చింది గానీ పట్టాలు సంతకాలతో వెడల్పవవు. గేజ్ మారే చోట కంటెయినర్‌ని క్రేనుతో ఎత్తి ఇంకో రైలు మీద పెట్టాలి. బంగ్లాదేశ్ పడమటి భాగంలో మన గేజే ఉండటం మనకు పెద్ద అదృష్టం, దాని కథ కింద వస్తుంది.

పెట్రాపోల్ దగ్గర 138 గంటలు

పశ్చిమ బెంగాల్లో మన వైపు పెట్రాపోల్, అవతల బేనాపోల్. రెండు దేశాల మధ్య భూమార్గపు వ్యాపారంలో ఇదే అన్నిటికన్నా పెద్ద గేటు. ప్రపంచ బ్యాంకు 2021లో వేసిన లెక్క ప్రకారం ఇక్కడ సరుకు సరిహద్దు దాటడానికి 138 గంటలు పట్టేది, అందులో 28 గంటలు ఒక లారీలోంచి దించి ఇంకో లారీలోకి ఎక్కించడానికే. ఇంతే సరుకు నడిచే తూర్పు ఆఫ్రికా సరిహద్దుల్లో ఆరు గంటల లోపే అయిపోయేది. అదే నివేదికలో ఇంకో మాట ఉంది, నేను రెండుసార్లు చదివాను: మన కంపెనీకి పక్కనున్న బంగ్లాదేశ్‌తో వ్యాపారం చేయడం కన్నా బ్రెజిల్‌తోనో జర్మనీతోనో చేయడం 15 నుంచి 20 శాతం చవక.

138 గంటలంటే దాదాపు అయిదు రోజుల పద్దెనిమిది గంటలు. దీని బరువు తెలియాలంటే బాబాయి లెక్క వేద్దాం, కాగితం మీద. గుంటూరు నుంచి సరిహద్దు సుమారు 1,300 కిలోమీటర్లు, లోడు లారీ రోజుకు 325 కిలోమీటర్లు నడిస్తే నాలుగు రోజులు, రావడానికి నాలుగు. ఆ 138 గంటలూ ఒకే లారీ మీద పడ్డాయనుకుంటే ఒక్క ట్రిప్పు 14 రోజులకు దగ్గరపడుతుంది, నెలకు రెండు ట్రిప్పులు. అదే సరిహద్దులో ఆరు గంటలే అయితే ఎనిమిదింపావు రోజులు, నెలకు మూడున్నర ట్రిప్పులు. నెలకు పది లారీలు మోసే సరుకుని ఆరు లారీలు మోసేస్తాయి. మిగతా నాలుగు లారీల ఈఎంఐ, ఇన్సూరెన్స్, డ్రైవర్ బత్తా అంతా చివరికి మిర్చి ధరలోనే కలుస్తుంది.

మరి పొగ సంగతి? నేనూ మొదట క్యూలో నిలబడ్డ లారీలే పెద్ద కాలుష్యం అనుకున్నాను. లెక్క వేస్తే వేరేగా తేలింది. ఆ నిరీక్షణలో ఇరవై గంటలు ఇంజన్ ఆన్‌లో ఉందనుకుందాం, గంటకు రెండు లీటర్లు అనుకుంటే 40 లీటర్లు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే మొత్తం 108 కిలోలు. ప్రయాణం మొత్తం మీద చూస్తే (ఆ లెక్క కింద వేశాను) ఇది చాలా కొంచెం. సరిహద్దు ఊళ్లో ఉండేవాళ్ల ఊపిరితిత్తులకు కొంచెం కాదు, అది వేరే మాట. కానీ వాతావరణం లెక్కలో అసలు నష్టం ఎక్కడుందంటే, ఇంత ఆలస్యం, ఇంత అనిశ్చితి ఉన్న చోట ఎవరూ రైలుకీ ఓడకీ సరుకు కుదుర్చుకోరు, ఏ రోజు గేటు దాటుతుందో తెలియని సరుకుని లారీలోనే పెట్టుకుని తిరుగుతారు.

పూచీకత్తు ఎవరిస్తారు: టీఐఆర్ అసలు ఆలోచన

కస్టమ్స్ వాళ్లు లారీని ఎందుకు ఆపుతారు? సుంకం కట్టకుండా సరుకు దేశంలో దారిలోనే దిగిపోతుందేమో అని. ఆ భయం న్యాయమైనదే. ఆ భయానికి రెండు మందులున్నాయి. ఒకటి, ప్రతి బండినీ విప్పి చూడటం. రెండోది పూచీకత్తు.

మన ఊళ్లో అప్పుకి ఒక పెద్దమనిషి హామీ ఉంటాడు, బాకీదారు ఎగ్గొడితే ఆయన కడతాడు. టీఐఆర్ అనే అంతర్జాతీయ ఒప్పందం (ఇప్పుడు అమల్లో ఉన్నది 1975 నాటిది) అచ్చం అదే పని చేస్తుంది. బయల్దేరిన చోట కస్టమ్స్ వాళ్లు చూసి సీలు వేస్తారు. ఒకే పత్రం అన్ని దేశాల్లోనూ చెల్లుతుంది. దారిలో సరుకు మాయమైతే సుంకం కట్టే పూచీ ఆ పత్రం ఇచ్చిన సంఘానిది. మధ్య దేశాలు సీలు చూస్తాయి, పెట్టె విప్పవు. మన దేశం 2017 జూన్‌లో ఇందులో చేరింది, మన దగ్గర ఆ పత్రాలిచ్చే బాధ్యత వ్యాపార, పరిశ్రమల సంఘాల సమాఖ్య ఫిక్కీది. అయితే ఈ పద్ధతి నడవాలంటే దారిలో ఉన్న దేశాలన్నీ సభ్యులై ఉండాలి, ఒక్క లింకు తెగినా అక్కడ మళ్లీ పెట్టె విప్పాల్సిందే.

ఎలక్ట్రానిక్ సీలు దీనికి తమ్ముడి లాంటిది. నేపాల్‌కి సముద్రం లేదు, విదేశీ సరుకు ఎక్కువగా మన రేవుల్లోనే దిగుతుంది. కోల్‌కతాతో పాటు మన విశాఖ రేవు కూడా 2016 నుంచి నేపాల్‌కి దారి ఇచ్చింది. విశాఖలో కంటెయినర్ రైలెక్కితే సుమారు 1,400 కిలోమీటర్లు వెళ్లి రక్సౌల్ దగ్గర సరిహద్దు దాటి బీర్‌గంజ్ డ్రై పోర్టులో (సముద్రం లేని చోట కంటెయినర్లు దించే రేవులో) దిగుతుంది. కంటెయినర్‌కి జీపీఎస్ తాళం వేస్తారు, ఎక్కడ ఆగిందో, ఎవరైనా తాళం ముట్టుకున్నారో తెరమీద కనిపిస్తుంది. బ్రాడ్ గేజ్ పట్టా ఆ డ్రై పోర్టు లోపలి దాకా ఉండటం వల్లే ఇది కుదిరింది.

ఇంకో దారి, రెండు దేశాల అధికారులు ఒకే చప్పరం కింద కూర్చోవడం. జాంబియా, జింబాబ్వేల మధ్య చిరుండులో 2009లో ఇది మొదలైంది. లారీ తాను ప్రవేశించే దేశంలో ఒక్కసారే ఆగుతుంది, రెండు దేశాల వాళ్లూ అక్కడే చూసేస్తారు. పెట్రాపోల్‌లో 2024 అక్టోబరులో తెరిచిన ఉమ్మడి కార్గో గేటు మైత్రీ ద్వార్ ఆ దిశలో ఒక అడుగు.

థింఫూలో సంతకం, భూటాన్ అభ్యంతరం

2015 జూన్ 15న భూటాన్ రాజధాని థింఫూలో బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ ఒక మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. వార్తల్లో కనిపించే బీబీఐఎన్ అదే. ఒక దేశపు లారీ దించకుండా, ఎక్కించకుండా ఇంకో దేశంలోకి వెళ్లొచ్చన్నది దాని సారం. ఆ ఏడాదే కోల్‌కతా నుంచి ఢాకా మీదుగా అగర్తలాకి ప్రయోగాత్మకంగా ఒక లారీ నడిచింది. తర్వాత 2016లో భూటాన్ పార్లమెంటు ఎగువ సభ దీన్ని ఆమోదించలేదు. 2017లో మిగతా ముగ్గురినీ మీరు ముందుకెళ్లండి అని భూటాన్ చెప్పింది. 2018 జనవరిలో బెంగళూరులో, 2022 మార్చిలో ఢిల్లీలో సమావేశాలయ్యాయి, నియమావళి మీద చర్చ సాగుతూనే వచ్చింది.

భూటాన్‌ని తప్పుపట్టిన రాతలు చాలా చూశాను. వాళ్ల వైపు నుంచి చూడండి. ఏడెనిమిది లక్షల జనాభా, కొండ రోడ్లు, అడవి కాపాడుకోవడం రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం. పెద్ద పొరుగుల లారీలు తమ రోడ్లెక్కితే పొగ పెరుగుతుంది, తమ కొద్దిపాటి లారీ యజమానుల బతుకు పోతుంది అన్నది వాళ్ల దిగులు. పర్యావరణం కోసమే సరిహద్దులు తెరవాలని ఒకరంటుంటే, పర్యావరణం కోసమే తెరవొద్దని ఇంకొకరు అంటున్నారన్నమాట. రెండింట్లోనూ నిజముంది. మొత్తం దూరం తగ్గితే మొత్తం పొగ తగ్గుతుంది, కానీ మిగిలిన పొగ ఎవరి ఊరి మీద పడుతుందన్నది మారిపోతుంది.

బంగ్లాదేశ్‌లో ఇంకో వాదన. మా రోడ్లు అరిగేది మాకు, దూరం కలిసొచ్చేది మీకు, కాబట్టి ట్రాన్సిట్ ఫీజు సరిగా ఉండాలి. సరిహద్దు ఊళ్లలో హమాలీలది మూడో వాదన, ఆ 28 గంటల దించుడు ఎక్కించుడే వాళ్ల కూలి. మా వీధి గోడౌన్లో పనిచేసేవాళ్లని రోజూ చూస్తాను కాబట్టి ఈ మాటని వృథా ఖర్చు అని ఒక్క గీతతో కొట్టేయడం నాకు చేతకాదు. భద్రత వైపు నుంచి చూసేవాళ్లు, సీలు వేసిన బండిలో ఏముందో తెరవకుండా ఎలా నమ్మాలి అంటారు. దానికి జవాబు స్కానర్లూ ఎలక్ట్రానిక్ సీళ్లూ అని అవతలి వాళ్లంటారు, ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర మాట ఆగుతుంది.

గుంటూరు మిర్చి రైలెక్కిన కథ, దాని పొగ లెక్క

2020 జూలైలో లాక్‌డౌన్ వల్ల గుంటూరు మిర్చి రోడ్డు మీద బంగ్లాదేశ్ వెళ్లడం కష్టమైంది. గూడ్సు రైలు మాట్లాడుకోవాలంటే కనీసం 1,500 టన్నులకు పైగా సరుకు ఒకేసారి కావాలి, అంత సరుకు చిన్న వ్యాపారులు, రైతుల దగ్గర ఎక్కడుంటుంది? అప్పుడు రైల్వే వాళ్లు గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి ఒక ప్రత్యేక పార్సిల్ రైలు వేశారు. 16 వ్యాన్లు, ఒక్కో వ్యాన్లో 466 బస్తాలు, సుమారు 19.9 టన్నులు. అది నేరుగా బేనాపోల్ వెళ్లింది. పార్సిల్ రైలు దేశం దాటడం అదే మొదలు. గేజ్ ఒకటే కాబట్టి మధ్యలో ఒక్క టిక్కీ కూడా దించలేదు.

రోడ్డు మీద టన్నుకు సుమారు 7,000 రూపాయలయ్యేది, ఈ రైల్లో 4,608 అయింది. టిక్కీ లెక్కన చూస్తే (పై లెక్క ప్రకారం టిక్కీ సుమారు 42.7 కిలోలు) రోడ్డు మీద 299 రూపాయలు, రైల్లో 197. టిక్కీకి వంద రూపాయలు మిగిలాయి.

ఇప్పుడు పొగ. యూరప్ పర్యావరణ సంస్థ 2018 సంవత్సరానికి వేసిన సగటు ప్రకారం ఒక టన్ను సరుకుని ఒక కిలోమీటరు మోయడానికి లారీ 137 గ్రాములు, రైలు 24, సముద్రపు ఓడ 7 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన పొగ వదులుతాయి. 20 టన్నులు, 1,300 కిలోమీటర్లు అంటే 26,000 టన్ను-కిలోమీటర్లు. లారీలో 3,562 కిలోలు, రైల్లో 624. స్టేషన్‌కి చేర్చడానికి, అవతల గోడౌన్‌కి తీసుకెళ్లడానికి రెండు చివరలా కలిపి 30 కిలోమీటర్ల లారీ ప్రయాణం కలిపితే ఇంకో 82 కిలోలు, మొత్తం 706. అయిదో వంతు.

ఈ అంకెల్ని మన దగ్గర అచ్చంగా దించుకోకూడదు. అవి యూరప్ లారీలు, యూరప్ కరెంటు. మన రైలు మార్గాలు దాదాపు అన్నీ విద్యుదీకరణ అయ్యాయి కానీ ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. తేడా పెద్దదన్నది నిజం, ఎంతన్నది మారుతుంది. ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటే ఒకరి పచ్చదనం ఇంకొకరికి నమ్మబుద్ధి కాదు, అందుకే రవాణా పొగని మొదటి గోడౌన్ నుంచి చివరి గోడౌన్ దాకా ఒకే పద్ధతిలో లెక్కపెట్టడానికి 2023లో ఐఎస్ఓ 14083 అనే ప్రమాణం వచ్చింది.

ఇంత చవక, ఇంత తక్కువ పొగ అయితే అందరూ రైలే ఎందుకెక్కరు? నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారం మన దేశంలో సరుకులో 71 శాతం రోడ్డు మీదే, 18 శాతమే రైల్లో. రైలు నిండేంత సరుకు ఒకే రోజు ఒకే చోట పోగవ్వాలి. ఏ రోజు చేరుతుందో కచ్చితంగా చెప్పగలగాలి. లారీ అయితే గోడౌన్ గుమ్మంలో ఎక్కిస్తుంది, గుమ్మంలో దించుతుంది. ఆ 2020 రైలు సాధ్యమైంది కూడా 1,500 టన్నుల నిబంధనని చిన్న వ్యాపారి అందుకునేంత కిందికి దించారు కాబట్టే.

చెన్నై రేవు నుంచి 185 ట్రక్కులు

2017 అక్టోబరులో చెన్నై రేవు నుంచి బంగ్లాదేశ్‌లోని మోంగ్లా రేవుకి ఒక రో-రో ఓడ బయల్దేరింది. రో-రో అంటే బండ్లు తమ చక్రాల మీద తామే నడుచుకుంటూ ఓడలోకి ఎక్కి, అవతల అలాగే దిగడం. దాంట్లో వెళ్లినవి 185 అశోక్ లేలాండ్ ట్రక్కులు. అంతకుముందు ఇవి ఒక్కొక్కటీ రోడ్డు మీద నడుచుకుంటూ పెట్రాపోల్ దాకా, సుమారు 1,700 కిలోమీటర్లు వెళ్లి, ఆ క్యూలో నిలబడేవి. ఓడలో పంపితే 15 నుంచి 20 రోజులు కలిసొస్తాయని అప్పుడు చెప్పారు. దీనికి దారి వేసింది 2015 జూన్‌లో కుదిరిన తీర నౌకాయాన ఒప్పందం. అంతకుముందు మన సరుకు చాలావరకు కొలంబోకో సింగపూర్‌కో వెళ్లి పెద్ద ఓడ నుంచి చిన్న ఓడకి మారి బంగ్లాదేశ్ చేరేది.

ఓడ దారికి కిటుకు రేవు గేటు దగ్గరుంది. చెన్నై రేవు పక్కన రాయపురం వైపు ఉండేవాళ్లకి ట్రైలర్ల బారు కొత్తేమీ కాదు, ఓడలో మిగిలిన రోజు గేటు దగ్గర కరిగిపోతే లాభమేముంది. రేవు నుంచి మధురవాయల్ దాకా 20 కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ రోడ్డుకీ, తిరువళ్లూరు జిల్లా మప్పేడులో లారీ, రైలు కలిసే లాజిస్టిక్ పార్కుకీ 2022 మేలో శంకుస్థాపన జరిగింది. పక్క దేశంతో మాట్లాడుకోవడానికి ముందు ఊళ్లో మన పని మనం చేసుకోవాల్సిన భాగం ఇది.

రాజకీయం మారితే దారి మారుతుంది

2024 ఆగస్టులో బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం కూలింది. 2025 ఏప్రిల్‌లో మనం ట్రాన్‌షిప్‌మెంట్ ఆపాం, మన విమానాశ్రయాలు, రేవులు కిక్కిరిసి మన ఎగుమతులే ఆలస్యమవుతున్నాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అదే నెలలో బంగ్లాదేశ్ మన నూలు భూమార్గంలో రావడాన్ని ఆపింది. మే 17న మనం వాళ్ల రెడీమేడ్ దుస్తులు భూమార్గంలో రాకూడదు, నవా షెవా, కోల్‌కతా రేవుల్లోనే దిగాలన్నాం. ఎవరి కారణాలు ఎంత సబబో నేను ఇక్కడ తేల్చను. సరుకుకి ఏమైందో చూస్తే చాలు. ఢాకా నుంచి కోల్‌కతా మూడొందల కిలోమీటర్ల చిల్లర. ముంబయి పక్కనున్న నవా షెవాకి సముద్రం మీద వెళ్లాలంటే శ్రీలంకని చుట్టి రావాలి, వేల కిలోమీటర్లు. ఓడ పొగ టన్నుకి తక్కువే గానీ దూరం అన్ని రెట్లు పెరిగితే ఆ లాభం తరిగిపోతుంది, పండగ సీజన్‌కి అందాల్సిన సరుకు వారాల తరబడి నీళ్ల మీదే ఉంటుంది.

రేవులు, రోడ్లు, పట్టాలు వేయడానికి పదేళ్లు పడుతుంది. ఒక నోటిఫికేషన్‌తో రాత్రికి రాత్రి అవి ఖాళీ అయిపోవచ్చు. డబ్బు పెట్టేవాళ్లకి అసలు టెన్షన్ ఇదే. 1972 నుంచి నడుస్తున్న నదీ మార్గాల ప్రోటోకాల్ ఎన్నో ప్రభుత్వాల్ని చూసింది. అందులో గడువు, ఫీజు, ఏ దారిలో వెళ్లాలన్నది ముందే రాసుకుని ఎప్పటికప్పుడు కొనసాగించుకుంటున్నారు. కొత్త ఒప్పందాలకి అలాంటి వేళ్లు ఇంకా పడలేదు.

ఖాళీగా తిరిగొచ్చే బండి

ఒక లెక్క మాత్రం ఏ ఒప్పందమూ తీర్చలేనిది. మనం బంగ్లాదేశ్‌కి పంపే సరుకు విలువ, అక్కణ్నుంచి తెచ్చుకునేదానికి అయిదారు రెట్లు. అంటే నిండుగా వెళ్లిన బండ్లలో చాలా భాగం ఖాళీగా తిరగాలి. ఖాళీ లారీ కూడా నిండు లారీ తాగే డీజిల్లో సగానికి పైనే తాగుతుంది, కాబట్టి పైన వేసిన 3,562 కిలోలకి తిరుగు ప్రయాణం పొగ కూడా కలపాల్సిందే. పోనీ మన లారీ ఢాకాలో దించాక అక్కడే ఊరి నుంచి ఊరికి ఒక లోడు కొట్టి రావచ్చా అంటే, బీబీఐఎన్ ఒప్పందం ఒప్పుకోదు. పరాయి దేశపు బండి లోపలి కిరాయిలు ఎత్తుకోకూడదన్న నిబంధన దాదాపు అన్ని దేశాల్లోనూ ఏదో రూపంలో ఉంది, స్థానిక లారీ యజమానుల్ని కాపాడటానికి. యూరప్‌లో పరిమితంగా ఒప్పుకున్నారు, అక్కడా దాని మీద గొడవలు ఆగలేదు.

ఇది రాస్తూ బాబాయికి ఫోన్ చేశాను. ఢాకా దాకా లారీ పోనిస్తే వెళ్లేవారా బాబాయ్ అన్నాను. "వెళ్లడానికేముందిరా, అక్కణ్నుంచి ఏం వేసుకొస్తాం?" అన్నారు వెంటనే. రెడీమేడ్ బట్టలున్నాయి అన్నాను. కాసేపు ఆగి, "బట్టలైతే తొట్టి నిండుతుంది గానీ టన్నులు రావు. కిరాయి పెట్టెల లెక్కన మాట్లాడుకోవాలి, టన్నుకైతే గిట్టదు" అన్నారు.